మూడు గోతులు తవ్వారు సరే, కలిపారా?

(కొత్తగా బిగించిన ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎర్తింగ్, బాండింగ్ ఎలా చెయ్యాలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థులకీ, ఊళ్ళలో పని చేసే ప్రైవేటు ఎలక్ట్రీషియన్లకీ ఒక రిటైర్డ్ ఇంజనీరు చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నుంచున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకు మైకు పడదు, గొంతు పెద్దదే, వినబడకపోతే చెయ్యెత్తండి.

సరే, ముందు ఒక ప్రశ్న. ఎర్తింగ్ ఎందుకు చేస్తాం? షాకు కొట్టకుండా అంటున్నారు. బాగుంది. ఎలా ఆపుతుంది షాకుని? కరెంటు భూమిలోకి పోతుంది అంటున్నారు. ఆ, ఈ మాట కోసమే అడిగాను. 34 ఏళ్ళు సర్వీసు చేశాను, ఎక్కడికెళ్ళి అడిగినా ఇదే జవాబు, భూమిలోకి పోతుంది సార్ అని. పోయి? పోయి ఏం చేస్తుంది అక్కడ? ఎర్త్ పిట్ అంటే, ఎర్త్ పైపు పాతే ఆ గొయ్యి, ఇంకుడు గుంత అనుకుంటున్నారా, వాన నీళ్ళు వదిలినట్టు కరెంటు వదిలేస్తే నేల తాగేస్తుందని?

కరెంటు ఎక్కడ బయల్దేరిందో అక్కడికే తిరిగి రావాలి. మన ఊళ్ళో ఉండే 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి, 100 కేవీఏ సామర్థ్యంది. హెచ్‌టీ వైపు, అంటే 11 కేవీ వచ్చే వైపు, వైండింగులు (తీగ చుట్టలు) డెల్టాగా, త్రికోణంలా కలిపి ఉంటాయి. ఎల్‌టీ వైపు, అంటే ఇళ్ళకి వెళ్ళే వైపు, స్టార్‌గా, మూడు కొసలు ఒక చోట కలిసేలా ఉంటాయి. ఆ కలిసే చోటే స్టార్ పాయింటు, దాన్ని పింగాణీ గొట్టంలోంచి, అంటే బుషింగులోంచి, బయటికి తీస్తే న్యూట్రల్ బుషింగ్. ఫేజు బుషింగులోంచి వెళ్ళిన కరెంటు మోటారు తిప్పినా, బల్బు వెలిగించినా, ఖర్మ కాలి గేదె ఒంట్లోంచి వెళ్ళినా, ఆఖరికి ఆ స్టార్ పాయింటుకే చేరాలి. చేరడానికి దారి బాగుంటే గట్టిగా వస్తుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, గొడవ తీరిపోతుంది. దారి బాగోకపోతే కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది, ఫ్యూజుకి ఆ సంగతే తెలీదు. అర్థమైందా? ఫ్యూజుకి తెలీదు. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దీన్నించే వస్తుంది.

గేదె అని ఊరికే అనలేదు. నా సర్వీసులో జరిగిందే. గరప నేల ఉన్న ఊరు, పేరు వద్దులెండి. కొత్త 100 కేవీఏ పెట్టారు, గద్దె కట్టారు, మూడు గోతులు తవ్వారు, బొగ్గూ ఉప్పూ పోశారు, కొబ్బరికాయ కొట్టి ఛార్జి చేశారు. బిల్లు పాసయింది, అందరూ హ్యాపీ. మూడు నెలలకి ఆ ఊరి నుంచి ఒకాయన వచ్చి, సార్, ఇంట్లో న్యూట్రల్ ముట్టుకున్నా జిల్లుమంటోంది అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు, నిజమే చెప్తున్నాను. ఇంటి వైరింగులో ఏదో ఉంటుందిలే అనుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం తుంపర పడుతుంటే ఒక పాడి గేదె ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి ఒళ్ళు రుద్దుకుంది. అప్పటికింకా కంచె కూడా వెయ్యలేదు. గేదె అక్కడికక్కడే పోయింది. చిత్రం ఏంటంటే ఊళ్ళో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్క ఫ్యూజు పోలేదు.

వెళ్ళి చూస్తే ఏముంది, ఎల్‌టీ డబ్బాలోంచి ఫ్యూజు దాటాక బయటికెళ్ళే కేబులు ఉంది చూశారూ, దానికి గ్లాండు, అంటే కంత దగ్గర కేబుల్ని పట్టి ఉంచే బిగింపు, పెట్టలేదు. రేకు కంత అంచుకి ఆనుకుని, గాలికి ఊగి ఊగి, తొక్క కోసుకుపోయి ఫేజు డబ్బాకి తగిలింది. డబ్బా స్ట్రక్చరుకి బిగించి ఉంది, స్ట్రక్చరూ బాడీ ఒక గోతికి వెళ్ళాయి. న్యూట్రల్ ఇంకో గోతికి వెళ్ళింది. ఆ గోతికీ ఈ గోతికీ మధ్య వైరు ముక్క లేదు. మట్టే.

లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకోడానికి అనుమతి, తీసుకుని కొలిచాం. కరెంటుకి మట్టి పెట్టే అడ్డు ఓముల్లో చూస్తే బాడీ గొయ్యి 18 ఓములు, న్యూట్రల్ గొయ్యి 14. పలక మీద రాస్తాను చూడండి. 240 వోల్టులు, దారిలో 18, 14, మొత్తం 32. భాగిస్తే ఎంత? ఏడున్నర ఆంపియర్లు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడే ఫేజుకి 130 ఆంపియర్ల పైన, దానికి తగ్గ ఫ్యూజు వైరు వేస్తాం. ఆ వైరుకి ఏడున్నర ఒక లెక్కా? ఏనుగు మీద ఈగ. సంవత్సరం వదిలేసినా అలాగే పారుతుంది. ఇప్పుడు స్తంభం మీద ఎంత ఉంది? ఏడున్నర ఇంటూ 18, 135 వోల్టులు. మరి మిగతా 105? అది న్యూట్రల్ గోతి దగ్గర. అంటే ఊరందరి ఇళ్ళలోకీ వెళ్ళే న్యూట్రల్ వైరు నేల కంటే 105 వోల్టులు పైకి లేచి కూర్చుంది. జిల్లుమంటోందని వచ్చిన పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు రోజులుగా ట్రాన్స్‌ఫార్మర్ మాకు ఆయన నోటితో ఫిర్యాదు చేస్తోంది, మేమే వినలేదు.

ఇప్పుడు అదే చోట, ఆ రెండు గోతుల మధ్య 50 ఇంటూ 6 మిల్లీమీటర్ల జీఐ ఫ్లాట్, అంటే జింకు పూత పూసిన ఇనుప పట్టీ, ఒకటి వేసి ఉంటే? అప్పుడు కరెంటు మట్టిలోంచి రావాల్సిన పనే లేదు. డబ్బా, స్ట్రక్చరు, ఫ్లాటు, న్యూట్రల్ బుషింగు, దారంతా లోహమే. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్సు, అంటే లోపల తనే కరెంటుకి పెట్టే అడ్డు, నాలుగున్నర శాతం అనుకోండి, ఫుల్ లోడు 133 ఆంపియర్లని 0.045తో భాగించండి. దాదాపు 3,000 ఆంపియర్లు. దారిలో కొంత పోయినా రెండు వేల పైనే వస్తుంది. ఫ్యూజు టపీమని పోతుంది. ఊరంతా ఫోన్లు చేసి తిడతారు, తిట్టనివ్వండి, గేదె బతుకుతుంది.

ఇదే నాయనా బాండింగ్ అంటే. ఎర్తింగ్ అంటే లోహాన్ని నేలతో కలపడం, బాండింగ్ అంటే లోహాన్ని లోహంతో కలపడం. పిడుగుకీ, హెచ్‌టీ ఫాల్టుకీ నేల కావాలి. ఎల్‌టీ ఫాల్టులో ఫ్యూజు ఎగరాలంటే బాండింగే కావాలి. మన వాళ్ళు మొదటిదానికి మూడు గోతులు తవ్వి దండం పెడతారు, రెండోదాన్ని మర్చిపోతారు.

ట్రాన్స్‌ఫార్మర్ బిగించే మన డ్రాయింగులో ఏముందో గుర్తు చేసుకుందాం, పని చేసినవాళ్ళకి తెలిసిందే. మూడు గోతులు, త్రికోణంగా, ఒకదానికొకటి ఆరు మీటర్ల దూరం. ఒకటో గోతికి, పిడుగు దెబ్బని నేలలోకి మళ్ళించే 11 కేవీ లైట్నింగ్ అరెస్టర్లు మూడూ నేరుగా. ఎల్‌టీ వైపు అరెస్టర్లుంటే అవీ అందులోకే. రెండోదానికి ట్యాంకు బాడీ, 11 కేవీ లైనుని విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిలు, హెచ్‌టీ వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఫ్రేము, స్తంభం మీది అడ్డ ఇనుములు, అంటే క్రాస్ ఆర్ములు, కరెంటు పారకూడని ఇనుమంతా. మూడోదానికి న్యూట్రల్, ఒకటి కాదు, రెండు విడివిడి తీగలు. ఇంతవరకూ అందరూ చేస్తారు. దాని కింద ఇంకో లైను ఉంటుంది, మూడు గోతులనీ మళ్ళీ ఒకదానితో ఒకటి కలపాలి అని. అది చెయ్యరు. ఎందుకు చెయ్యరు? ఆరు మీటర్ల చొప్పున మూడు వైపులా కాలవ తవ్వాలి, 18 మీటర్ల ఫ్లాటు కావాలి, తీరా పూడ్చాక పైకి ఏమీ కనబడదు. కనబడని పనికి బిల్లెవరిస్తారు చెప్పండి? నవ్వకండి, నిజమే కదా.

పోనీ చట్టం ఏమంటోంది? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో, 2010 వాటి స్థానంలో 2023లో వచ్చినవాటిలో కూడా, సబ్‌స్టేషన్ దగ్గర న్యూట్రల్‌కి రెండు వేరువేరు కనెక్షన్లు, కనీసం రెండు వేరువేరు ఎలక్ట్రోడులు, అంటే నేలలో పాతే పైపులో పలకలో, ఉండాలనీ, ఆ ఎలక్ట్రోడులని కలపాలనీ ఉంది. మన మూడో గోతిలో పైపు ఒకటే కదా. మరి రెండో ఎలక్ట్రోడు ఎక్కడిది? మూడు గోతులూ కలిపితేనే అది దొరుకుతుంది. కలపకపోతే రెండు తీగలు వేశామనే సంతోషమే తప్ప రెండూ ఒకే పైపుకి వెళ్తున్నాయి, ఆ పైపు తుప్పు పట్టిందంటే రెండూ పోయినట్టే.

ఇక్కడో మెలిక ఉంది, దాచకుండా చెప్తాను, తెలివైనవాడు ఎవడో ఒకడు అడుగుతాడు. అన్నీ కలిపేస్తే 11 కేవీ తీగ తెగి బాడీ మీద పడినప్పుడు ఆ వోల్టేజి న్యూట్రల్ పట్టుకుని ఇళ్ళలోకి పోదా? పోతుంది. అందుకే బ్రిటన్‌లో స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మర్లకి హెచ్‌వీ (మన హెచ్‌టీ) ఎర్తునీ ఎల్‌వీ (మన ఎల్‌టీ) ఎర్తునీ దూరదూరంగా పెట్టే అలవాటు ఉంది, మొత్తం కలిపి ఒక ఓము లోపు వస్తేనే కలుపుతారు. మన డ్రాయింగు కలపమంటుంది. కలపమన్నప్పుడు దాంతోపాటు వచ్చే బాధ్యత కూడా తీసుకోవాలి, అంటే ఓములు నిజంగా తగ్గించాలి, ఎల్‌టీ లైను పొడుగునా కూడా న్యూట్రల్‌ని అక్కడక్కడా ఎర్త్ చెయ్యాలి. మనం గోతులు కలపం, ఓములూ తగ్గించం, లైనులో ఎర్తులూ పెట్టం. అంటే ఏ పద్ధతిలోనూ లేం.

ఓములు తగ్గించడం అంటే ఏంటి? వెంటనే ఉప్పు గుర్తొస్తుంది కదూ. ఉప్పెంత వెయ్యాలి సార్ అని అడగని వాడు లేడు, ఆవకాయ కొలతలు అడిగినట్టు. ఉప్పు గురించి తర్వాత, ముందు పైపు సంగతి చూద్దాం. 40 మిల్లీమీటర్ల పైపు, రెండున్నర మీటర్ల లోతు. నేల రెసిస్టివిటీ, అంటే మట్టికి సహజంగా ఉండే అడ్డు, 100 ఓం-మీటర్లు అనుకోండి, మన ఎర్రచెల్కలకి అది పెద్ద ఎక్కువేం కాదు. ఎర్తింగ్ మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 సూత్రంలో వేస్తే ఒక్క పైపుకి ఎంతొస్తుందో తెలుసా? సుమారు 35 ఓములు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 5 ఓములు ఉండాలని మనం చెప్పుకుంటాం. 35 ఎక్కడ, 5 ఎక్కడ! పైపు లావు రెట్టింపు చేస్తే 31 అవుతుంది, అంతే. పొడుగు రెట్టింపు చేస్తే, ఐదు మీటర్లు దించితే, 20కి దిగుతుంది. అంటే డబ్బు లావు మీద పెట్టకండి, లోతు మీద పెట్టండి. అదీ చాలకపోతే పైపుల సంఖ్య పెంచండి. 35 ఓముల పైపులు మూడు కలిపితే 13 చిల్లర దగ్గరికొస్తుంది. ఇంకా కావాలంటే ఇంకో నాలుగు పాతండి, మూడే ఉండాలని ఎవరన్నారు?

ఆరు మీటర్ల దూరం ఎందుకో కూడా ఇక్కడే తేలిపోతుంది. ప్రతి పైపూ తన చుట్టూ, తన పొడుగంత మేర మట్టిని వాడుకుంటుంది. రెండు పైపులు పక్కపక్కన పాతితే ఇద్దరూ ఒకే మట్టి కోసం కొట్టుకుంటారు, ఒకే కంచంలో ఇద్దరు తిన్నట్టు. పైపు పొడుగుకి రెట్టింపు దూరం ఉండాలని అందుకే అంటారు. ఒక చోట కాంట్రాక్టరు మూడు గోతులూ నాలుగడుగుల దూరంలో తవ్వించాడు, స్థలం లేదండీ అన్నాడు. స్థలం లేకపోతే లోతుకి పో, బోరు వేసి దించు.

ఇక ఉప్పు. ఉప్పు వేస్తే ఓములు తగ్గుతాయి, కాదనను. కానీ రెండు వానాకాలాలకి కరిగిపోతుంది, పోతూ పోతూ జీఐ పైపుని కూడా తినేస్తుంది. పదేళ్ళ తర్వాత ఒక గొయ్యి తవ్వించాను, పైన క్లాంపు ఉంది, పైపు కొస ఉంది, అడుగున్నర కింద పైపే లేదు, ఎర్రటి తుప్పు రజను మాత్రం ఉంది. పైనుంచి చూస్తే ఎర్త్ ఉన్నట్టే, పచ్చరంగు కూడా వేసి ఉంది. బెంటోనైటు అనే బంకమట్టి పొడి దొరికితే అదే వాడండి, ఒక పాలు బెంటోనైటు, ఆరు పాళ్ళు నల్లమట్టి. తడి పట్టుకుంటుంది, కరిగిపోదు. మా గుంటూరు వైపు నల్లరేగడిలో వానాకాలం ఒక్క పైపుకే రెండు, మూడు ఓములు చూశాను. అదే చోట ఏప్రిల్లో వెళ్తే నేల నెర్రెలు విచ్చి, పైపుకీ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు! 11 ఓములు చూపించింది. అనంతపురం వైపు రాతినేల సంగతి సరేసరి, గడ్డపార తిరిగి మన మీదికే వస్తుంది.

ఇప్పుడు పిడుగు. లైట్నింగ్ అరెస్టర్ నుంచి కిందికి వచ్చే తీగని మన లైన్‌మన్ అన్నలు కొంతమంది పెన్సిలుకి చుట్టినట్టు స్ప్రింగులా చుట్టి వదుల్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. స్తంభాల ఎర్తుకి కాయిల్ చుట్టి గోతిలో పాతడం వేరే సంగతి, అది మట్టిలో ఉంటుంది కాబట్టి తప్పు లేదు. కిందికి దిగే తీగలో మాత్రం చుట్ట ఉండకూడదు. తిన్నని తీగకే మీటరుకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్సు, అంటే కరెంటు ఒక్కసారిగా లేవడాన్ని అడ్డుకునే గుణం, ఉంటుంది. పిడుగు కరెంటు మైక్రోసెకనుకి ఐదు వేల ఆంపియర్ల చొప్పున లేచిందనుకోండి, తీగ ప్రతి మీటరుకీ 5,000 వోల్టులు. ఎనిమిది మీటర్లు దిగితే 40,000. ఇందులో మట్టి ఓములు ఇంకా కలపలేదు. మరి 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు పిడుగు దెబ్బకి తట్టుకునేది 75 కేవీ. అరెస్టర్ మీద పడేది ఒక ముప్ఫై, తీగ మీద నలభై, ఇక మిగిలిందేముంది? చుట్ట చుట్టారా, ఉన్నదీ పోయింది. అరెస్టర్ పెట్టినా ట్రాన్స్‌ఫార్మర్ పేలిందండీ, అరెస్టర్ నాసిరకం అంటారు. అరెస్టర్ పాపం తన పని తను చేసింది.

దీనికి మందు చాలా చవక. అరెస్టర్ కింది టెర్మినల్ నుంచి గోతికి నేరుగా వెళ్ళే తీగ ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు అదే టెర్మినల్ నుంచి ట్యాంకు బాడీకి ఒక పొట్టి జంపరు, అంటే కలిపే తీగ ముక్క, వెయ్యండి. అప్పుడు కింద తీగ మీద 40 వేలు లేచినా ట్యాంకూ దాంతోపాటే లేస్తుంది, వైండింగుకీ ట్యాంకుకీ మధ్య తేడా అరెస్టర్ వదిలినంతే. ఇదీ బాండింగే, గమనించారా? అందుకే ఇప్పుడు కొన్నిటికి అరెస్టర్ ట్యాంకు మీదే బిగించి ఇస్తున్నారు.

బిగింపుల గురించి ఎక్కువ చెప్పను, చేతిపని మీకే తెలుసు. ఒక్కటి మాత్రం. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకి అటొకటి ఇటొకటి ఎర్త్ బోల్టులు రెండుంటాయి, ఫ్యాక్టరీ వాడు వాటి మీద కూడా దిట్టంగా పెయింటు కొట్టి పంపుతాడు. మన వాడు ఆ పెయింటు మీదే లగ్గు, అంటే తీగ కొసకి తొడిగే లోహపు చెవి, పెట్టి బిగిస్తాడు. పెయింటు ఇన్సులేషను బాబూ! ఆకురాయితో గీకండి, తెల్లటి ఇనుము మెరవాలి, అప్పుడు లగ్గు, స్ప్రింగ్ వాషరు, బోల్టు, బిగించాక పైన బిటుమెన్ పెయింటు. రాగి లగ్గు తెచ్చి జీఐ మీద నేరుగా పెట్టొద్దు, తడి తగిలితే జింకు పూత తినేస్తుంది, కళాయి పూసిన లగ్గు వాడండి. రాగి తీగ అసలు వద్దనే అంటాను, మంచిది కాక కాదు, తెల్లారేసరికి ఉండదు. కంచె కూడా మర్చిపోకండి, గేటు తిరిగే చోట మడత బందుని నమ్ముకోకుండా వంగే అల్లిక తీగ వెయ్యండి. ఏబీ స్విచ్ హ్యాండిలు పట్టుకుని నిలబడేవాడు మీరే, దాని ఎర్త్ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, న్యూట్రల్ ఎర్త్ ఊడిపోతే టీవీలు కాలతాయా అని. రెండు వేరువేరు రోగాలు కలిపేస్తున్నావు తమ్ముడూ. లైన్లో న్యూట్రల్ తీగ తెగితే, లేదా బుషింగు దగ్గర బోల్టు వదులైతే, లోడు తక్కువున్న ఫేజు ఇళ్ళకి 240 పోయి 300, 350, ఇంకా పైకి కూడా వెళ్తుంది, అప్పుడు కాలతాయి. న్యూట్రల్ బాగానే ఉండి ఎర్త్ మాత్రమే ఊడితే ఏమీ కాలవు, అదే ప్రమాదం, ఎవరికీ తెలీదు. ఎక్కడో ఒక ఫేజు చెట్టుకో తడి గోడకో తగిలిన రోజున న్యూట్రల్ 240 దాకా లేస్తుంది, మిగతా రెండు ఫేజులూ నేల నుంచి చూస్తే 415 అవుతాయి. అందుకే ఒక మాట, ఒట్టేసి చెప్తున్నాను, ఛార్జిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి న్యూట్రల్ ఎర్త్ తీగ విప్పొద్దు. కొలుద్దామని కూడా విప్పొద్దు. తీగ ఊడిన రెండు కొసలూ రెండు చేతుల్లో ఉన్నప్పుడు మధ్యలో ఉండేది మీరే.

కొలవాలంటే పద్ధతుంది. లైన్ క్లియర్ తీసుకోండి, ఏబీ స్విచ్ తియ్యండి, తీశాక కళ్ళతో చూడండి మూడు బ్లేడులూ విడ్డాయా లేదా అని. తీగల్ని నేలకి కలిపే డిశ్చార్జి రాడ్డు వేసి షార్టు చెయ్యండి, ఎల్‌టీ వైపు కూడా, ఎందుకంటే ఎవడో ఇంట్లో జనరేటరు పెట్టుకుని వెనక నుంచి పంపుతాడు. అప్పుడు ఒక్కో పైపూ విడదీసి కొలవండి, తర్వాత మూడూ కలిపి కొలవండి. ఎర్త్ టెస్టరుకి రెండు మేకులుంటాయి, కరెంటు పంపే కరెంటు మేకు పైపుకి ముప్ఫై మీటర్ల దూరంలో, వోల్టేజి కొలిచే వోల్టేజి మేకు అందులో 62 శాతం దగ్గర, అంటే సుమారు పద్దెనిమిదిన్నర మీటర్ల దగ్గర. పైపూ, రెండు మేకులూ ఒకే గీత మీద ఉండాలి. మూడు గోతులూ కలిపి కొలిచేటప్పుడు ముప్ఫై చాలదు, ఇంకా దూరం లాగండి. వోల్టేజి మేకు కాస్త ముందుకీ వెనక్కీ జరిపి చూడండి, అంకె పెద్దగా మారకపోతే అది నమ్మొచ్చు. మారిందా, మేకులు దగ్గరగా ఉన్నట్టు. ఇంకోటి, కొలిచే ముందు గోతిలో రెండు బిందెల నీళ్ళు పోసి ఇన్‌స్పెక్షన్‌కి పిలవడం మనకి బాగా అలవాటు. నీళ్ళు పొయ్యండి, వేసవిలో రోజూ పొయ్యండి, కానీ కొలత మాత్రం మే నెలలో పొడినేల మీద తీసి ఆ అంకె రాసుకోండి.

మిగతా ప్రశ్నలు బయట అడుగుదురుగాని. వెనక ఆవరణలో మీ మాస్టారు పొద్దున్నే రెండు పైపులు పాతించి ఉంచారు, ఒకదాంట్లో ఉప్పూ బొగ్గూ, రెండోదాంట్లో ఉట్టి మట్టి, కాకపోతే రెట్టింపు లోతు. టెస్టరు నా కారులో ఉంది. కొలవకముందే ఒక్కొక్కరూ కాగితం మీద మీ అంకె రాసి జేబులో పెట్టుకోండి. ఆ నీలం చొక్కా అబ్బాయ్, ఆ మేకులూ సుత్తీ అందుకో.